వేలెడంత సైనికుడి మెడ

బావమరిది బాగుపడితే ఏడ్చే బావ ఎక్కడైనా ఉంటాడా అని ఎవరైనా అడిగితే, పళ్ళాయన్ని చూపించాలి. పళ్ళాయన అసలు పేరు కాదు. ఆయన పళ్ళ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టర్లు పంపిన నోటి అచ్చులు ముందు పెట్టుకుని, మైనంతో పన్ను మలిచి, పక్క పన్ను రంగుకి రంగు కలిపి, ఏది పుట్టిందో ఏది పెట్టిందో కన్నతల్లి కూడా పోల్చుకోలేనట్టు చేసి పంపిస్తాడు. క్లబ్బులో ఆ పేరు వేళాకోళానికే పెట్టారు గానీ, ఆయన మాత్రం దాన్ని బిరుదులాగే మోశాడు.

క్లబ్బు అంటే పేకాట క్లబ్బు కాదు. హార్డ్‌వేర్ షాపు మీద ఒక మేడగది, గది నిండా ఒకటే పెద్ద బల్ల. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, అట్టముక్కల కొండలు, నీలం రంగు పూసిన చెక్కనది. ఆదివారం వస్తే ఆ బల్ల మీద యుద్ధం జరుగుతుంది. తగరమూ సీసమూ కలిపి పోసిన వేలెడంత సైనికుల్ని అటో అంగుళం ఇటో అంగుళం జరుపుతూ, పాచికలు విసురుతూ, తలలు నెరిసిన మగాళ్ళు స్కూలు పిల్లల్లా తగువులాడుకుంటారు. ఇంట్లో నోరెత్తని వాళ్ళు కూడా అక్కడ సేనాధిపతులే.

అయితే సగం మందికి ఆ యుద్ధం ఒక సాకు. వాళ్ళ అసలు పిచ్చి కోతలోనూ అతుకులోనూ ఉంది. ప్యాకెట్లో వచ్చే సైనికులంతా ఒకే అచ్చులోంచి ఊడిపడ్డవాళ్ళు. అందరిదీ అదే కాలు ముందుకి, అదే చెయ్యి పైకి. వాళ్ళలో ఒకడి చెయ్యి సన్న రంపంతో కోసి ఇంకొకడికి పెట్టి, మరొకడి నడుం తిప్పి, ఎవడిదో టోపీ ఎవడికో తగిలించి, మధ్యలో సన్నటి తీగ దూర్చి, పుట్టీతో కప్పి, రంగు వేస్తే అప్పుడు ఒక మనిషి తయారవుతాడు. ఆ పనిలో పళ్ళాయన్ని మించినవాడు లేడు. అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

భూతద్దం మాట వచ్చింది కాబట్టి మాస్టారి గురించి చెప్పాలి. ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, క్లబ్బు పెట్టినాయన. మెడలో తాడు కట్టిన భూతద్దం ఎప్పుడూ వేలాడుతుంటుంది కాబట్టి అందరికీ భూతద్దం మాస్టారు. ఆయన పెట్టిన పద్ధతులు రెండున్నాయి. మొదటిది డబ్బా. బొమ్మలు కోయగా మిగిలిన చేతులు, కాళ్ళు, తలలు అన్నీ ఒక పాత బిస్కెట్ డబ్బాలో పడెయ్యాలి. ఎవరికి కావలసింది వాళ్ళు ఏరుకోవచ్చు. డబ్బాలో పడ్డాక అది నాదని ఎవరూ అనకూడదు, తీసి అతికించుకున్నవాడు అది ఫలానావాడిదని చెప్పకూడదు. అలా కట్టడి చెయ్యకపోతే బూటుకో తగువు, టోపీకో అలక అని మాస్టారి అనుభవం.

రెండోది గాజు బీరువా. ఏటేటా ఒక ప్రదర్శన పెడతారు. ఆ రోజు ఇంటివాళ్ళూ వీధివాళ్ళూ వచ్చి చూస్తారు. మాస్టారు అన్ని బొమ్మల్నీ చూసి, ఒక్కదాన్ని తీసి బీరువాలో మధ్య అరలో పెడతారు. అది మళ్ళీ ఏడాది దాకా అక్కడే ఉంటుంది. కప్పూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. మధ్య అర, అంతే. ఆ అరలో ఏళ్ళ తరబడి పళ్ళాయన బొమ్మలే నిలబడ్డాయి. ల్యాబ్‌లో ఆయన చేసిన పళ్ళు ఎవరెవరి నోళ్ళలోనో నవ్వుతుంటాయి, వాటి కింద ఆయన పేరుండదు. పేరున్న చోటు ప్రపంచం మొత్తం మీద ఆ మధ్య అర ఒక్కటే. అందుకని దాని మీద ఆయనకి అంత ప్రాణం.

ఇక బామ్మర్ది సంగతి. అతను సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తాడు. సెలవు రోజున అక్క ఇంటికొచ్చి సోఫాలో పడి నిద్రపోయేవాడు. వీణ్ణి కూడా ఆ బొమ్మల కొట్టుకి లాక్కుపోండి, నాకు ఇల్లు తుడుచుకునే వీలన్నా ఉంటుంది అని పళ్ళాయన భార్యే పోరుపెట్టింది. అలా తీసుకెళ్ళాడు. రంపం ఎలా పట్టాలో, ఆకురాయి ఎటు లాగాలో, చేతి డ్రిల్లుతో మెడలో కన్నం ఎలా వెయ్యాలో అన్నీ దగ్గర కూర్చుని నేర్పాడు. బామ్మర్ది మొదట్లో వేలు కోసుకున్నాడు, ఇంకో వేలు గ్లూతో బల్లకి అంటించుకున్నాడు. అతను చేసిన మొదటి సైనికుడి కాళ్ళు రెండూ ఎడమ కాళ్ళే. క్లబ్బంతా పొట్ట పట్టుకుని నవ్వింది, అతనూ నవ్వాడు.

ఆ రోజుల్లో పళ్ళాయన చాలా మంచి బావ. చేతకానివాడికి నేర్పడంలో ఉండే హాయి అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. తప్పు చేసినప్పుడల్లా భుజం తట్టి, ఫరవాలేదురా, చేతికి రావాలి కదా అనేవాడు. చేతికి రాకుండా ఉంటే బాగుండునని లోపల ఎక్కడో ఉందని ఆయనకే తెలీదు.

ఈ ఏడు ప్రదర్శన దగ్గర పడుతుండగా బామ్మర్ది ఒక బొమ్మని గుడ్డలో చుట్టుకుని అక్క ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద విప్పాడు. డోలు వాయించేవాడు, కానీ డోలు మీద కూర్చున్నాడు. ఒక బూటు విప్పి పక్కన పెట్టాడు. వట్టి పాదం మీద రెండో పాదం వేసుకున్నాడు. తల మీద టోపీ లేదు. ఆ తల కాస్త పక్కకి తిరిగి, కాస్త కిందకి ఒరిగి ఉంది, వెనకనుంచి ఎవరో పిలిస్తే వినబడిందా లేదా అని ఆగినట్టు.

పళ్ళాయన ముందు అతుకులు చూశాడు. నడుం దగ్గర పుట్టీ ఎగుడుదిగుడుగా ఉంది. మోకాలి కింద ఆకురాయి గీతలు పోనేలేదు. భుజం అతుకు కటిక చీకట్లో కూడా కనిపిస్తుంది. ఆ తప్పులన్నీ వరసగా లెక్కపెట్టుకుంటూ పోయాడు. పోతూ పోతూ చూపు మళ్ళీ ఆ తల దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఆగినందుకు ఒళ్ళు మండింది.

భార్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, బొమ్మని చూసి నిలబడిపోయింది. పెళ్ళయిన నాటినుంచి ఆవిడ భర్త బొమ్మల్ని బొమ్మలుగా చూసింది లేదు. బల్ల మీద లోహం పొడి, కింద తీగ ముక్కలు, పళ్ళెంలో పుట్టీ, ఆవిడకి తెలిసింది అంతే. అలాంటిది ఇప్పుడు వంగి, దాని ముఖంలో ముఖం పెట్టి చూసింది.

"పాపం, ఎవర్రా వీణ్ణి పిలిచింది?" అంది తమ్ముణ్ణి.

ఫోన్ తెచ్చి ఫోటో కూడా తీసుకుంది. పళ్ళాయన గుర్రాల దొరలు, జెండాలు పట్టినవాళ్ళు, కత్తులు దూసినవాళ్ళు ఇన్నేళ్ళు ఇదే బల్ల మీద ఊపిరి పోసుకున్నారు. ఒక్కణ్ణయినా ఆవిడ పాపం అన్న పాపాన పోలేదు.

క్లబ్బులోనూ అదే తంతు. ప్రదర్శనకి వారం ముందు అందరూ బొమ్మలు తెచ్చి కిటికీ పక్క బల్ల మీద పెడతారు, పగటి వెలుగులో రంగులు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి. పళ్ళాయన ఈసారి పెట్టింది ముందరి కాళ్ళెత్తిన గుర్రం మీద కత్తి దూసిన సేనాపతి. గుర్రం తల ఒకదానిది, మెడ ఒకదానిది, దొర చేతులు రెండూ రెండు ప్యాకెట్లవి. ఒక్క అతుకూ కనబడదు. మాస్టారు భూతద్దంలోంచి చూసి, ఎప్పటిలాగే నీ చేతికి వంక పెట్టడానికి లేదయ్యా అన్నారు. పక్కకి జరిగి డోలు కుర్రాడి ముందు ఆగారు. భూతద్దం కళ్ళకి పెట్టుకోనేలేదు, చేతిలో అలా మరిచిపోయి ఊరికే చూస్తూ నిలబడ్డారు. ఆయన భూతద్దం మరిచిపోవడం పళ్ళాయన ఇంతవరకూ చూడలేదు.

ఇక ఆ వారం ఆయన పడ్డ అవస్థ చెప్పుకుంటే సిగ్గు. ల్యాబ్‌లో బల్ల మీద ఆరబెట్టిన పళ్ళ సెట్లన్నీ తనని చూసి ఇకిలిస్తున్నట్టే ఉంది. బామ్మర్ది ఫోన్ చేసి, బావా, మాస్టారేమన్నా అన్నారా అని అడిగితే, బాగుందన్నారురా, అతుకులు మాత్రం చూసుకోమన్నారు అని, అనని మాట కలిపి చెప్పాడు. పడుకుంటే అసూయ, లేస్తే అసూయ. వీడికి రంపం పట్టడం నేర్పింది నేను, కన్నం వెయ్యడం నేర్పింది నేను, మరి ఇది ఎక్కడ నేర్చుకున్నాడు? నేర్పని విద్య వచ్చేసినవాడి మీద గురువుకి కలిగే కడుపుమంట అది. పెద్దవాళ్ళకి రావలసింది కాదు, వచ్చింది.

గది తాళాల్లో ఒకటి ఆయన దగ్గరే ఉంటుంది. మధ్యలో ఒక రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ, దొర కత్తికి ఇంకో పూత రంగు వేద్దామని తనకి తాను చెప్పుకుని మేడ ఎక్కాడు. బ్రష్షు, గ్లూ, పట్టకారు ఉన్న చిన్న సంచీ కూడా తెచ్చుకున్నాడు. దొర దగ్గరికి పోలేదు. తిన్నగా డోలు కుర్రాడి దగ్గరికే పోయాడు.

వీడి మెడలో తను నేర్పినట్టు గుండుసూది ముక్కే పెట్టి ఉంటాడు, అదీ సరిగా దిగి ఉండదు, ప్రదర్శనలో ఎవడో చెయ్యి తగిలితే ఊడొస్తుంది, అప్పుడు పరువు ఎవరిది పోతుంది, నేర్పినవాడిది కాదూ? పరీక్ష చేసి చూడటం తన బాధ్యత. మనిషి చెడ్డపని చెయ్యడానికి ముందు ఎంత చక్కటి మాటలు దొరుకుతాయో. బొటనవేలి గోరు మెడ కింద పెట్టి మెల్లిగా నొక్కాడు. కదల్లేదు. బాగుంది కదా, ఇక వదిలెయ్యాలి. వదల్లేదు. ఇంకాస్త నొక్కాడు. టిక్కుమంది. తల ఊడి అరచేతిలో పడింది.

మెడ లోంచి బయటికొచ్చిన తీగని చూశాడు. గుండుసూది కాదు. కట్టుడు పళ్ళకి కొక్కేలుగా వాడే సన్నటి ఉక్కు తీగ. దాని మీద ఏటవాలుగా ఆకురాయి గాట్లు, గ్లూ పట్టు చిక్కడానికి పెట్టినవి. ఆ తీగా ఆ గాట్లూ ఈ క్లబ్బులో ఒక్కడి పద్ధతి. ఆయన దాన్ని ఎవరికీ నేర్పలేదు, బామ్మర్దికి కూడా.

తలని వెలుగులోకి తిప్పి చూశాడు. రంగు కింద ఉన్న ముఖాన్ని అప్పుడు గుర్తుపట్టాడు. ఇదివరకెప్పుడో ఒక ఇనపటోపీ తల తీసుకుని, టోపీ అంతా చెక్కేసి, పళ్ళు చెక్కే పనిముట్టుతో జుట్టూ చెవులూ మలిచాడు. ఎన్నో సాయంత్రాలు దాని మీద పోశాడు. చివర్లో ఎడమ కనుబొమ్మ కుడిదానికన్నా ఒక వెంట్రుకవాసి పైకొచ్చింది. ఎడమా కుడీ సమానంగా లేకపోతే ఆయన పనిలో దాన్ని చెడిపోయింది అంటారు. విసుగొచ్చి, తీగతో సహా డబ్బాలో పడేశాడు. ఆ పైకి లేచిన కనుబొమ్మే ఇప్పుడు, ఎవరు పిలిచారు అని అడుగుతోంది.

ముందు పట్టలేని సంతోషం వచ్చింది. నాదే! భార్య పాపం అన్నది నా ముఖాన్ని, మాస్టారు భూతద్దం మరిచిపోయింది నా ముఖాన్ని! ఇన్ని రోజుల కుంపటి ఒక్కసారిగా ఆరిపోయింది. మరుక్షణం ఇంకా పెద్దది రాజుకుంది. ఎవరితో చెబుతాడు? డబ్బాలో పడ్డదాన్ని నాదనకూడదు. రూలు పక్కన పెట్టి చెప్పినా, మెడ లోపలి తీగ నువ్వెప్పుడు చూశావయ్యా అని అడుగుతారు. ఇన్నాళ్ళూ తన మీద తనే కుళ్ళుకున్నాడు, ఇప్పుడు ఆ సంగతి మింగనూ లేడు, కక్కనూ లేడు.

ఇంతలో ల్యాబ్ నుంచి ఫోన్, డాక్టరు మనిషి సెట్టు కోసం వచ్చి కూర్చున్నాడని. చేతులు గబగబా పనిలోకి దిగాయి. తీగ వంగి ఉంది, పట్టకారుతో పట్టి తిన్నగా చేశాడు. పాత గ్లూ గీకాడు, కొత్తది వేశాడు, తలని మెడ మీద కూర్చోబెట్టి ముక్కు గుండీల వరసకి సరిగ్గా వచ్చేలా చూసుకున్నాడు. పుట్టీ సన్నగా రాశాడు, అరచేతి వెనక రంగు కలుపుకుని మెడ రంగుకి మెడ రంగు తెచ్చాడు. అంతా అయ్యాక చూస్తే విరిగిన జాడే లేదు. బామ్మర్ది అతుకుకన్నా ఇది ఎంతో మేలు. మెట్లు దిగుతూ, నిజానికి బాగుచేశాను కదా అని కూడా అనుకున్నాడు.

ప్రదర్శన రోజు మేడగది జనంతో నిండింది. సభ్యుల భార్యలు, అక్కచెల్లెళ్ళు, కింద షాపు వాళ్ళు. పళ్ళాయన భార్య కూడా వచ్చింది, మొట్టమొదటిసారి. భర్త బొమ్మ పక్కనుంచే నడిచి వెళ్ళి తమ్ముడి బొమ్మ ముందు నిలబడింది. కాసేపు చూసింది.

"వీడెవడు? మొన్నటివాడు ఏడీ?" అంది.

వాడేనక్కా అన్నాడు బామ్మర్ది, ఇంకా అటు చూడకుండానే. కాదంది ఆవిడ. మాస్టారు వచ్చి వంగారు. ఈసారి భూతద్దం కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు. అదే డోలు, అదే విప్పిన బూటు, అదే ముఖం. కానీ కుర్రాడు ఎవరి పిలుపూ వినడం లేదు. ఫోటో తీయించుకునేవాడిలా తిన్నగా ముందుకి చూస్తున్నాడు. ఒక బూటు ఎందుకు విప్పుకున్నాడో కూడా ఇప్పుడు అర్థం కావడం లేదు.

పళ్ళాయన అప్పుడు చూశాడు తను ఏం చేశాడో. తీగ వంకరగా ఉందని తిన్నగా చేశాడు కదా, ఆ వంకర బామ్మర్ది పనిగట్టుకుని వంచింది. ముఖం తనదే. ముఖానికి ప్రాణం ఆ వంపులో ఉంది, అది తనది కాదు. దాన్ని చూడను కూడా చూడకుండా పట్టకారుతో సరిచేసి పారేశాడు. కట్టుడు పన్ను పక్కకి ఒరిగితే సరిచేసినట్టు.

ఏమైనా మార్చావా అని మాస్టారు బామ్మర్దిని అడిగారు. అతను బొమ్మని చేతిలోకి తీసుకున్నాడు. మెడ చుట్టూ తిప్పి చూశాడు. ఆ అతుకు మీద అతని చూపు ఆగింది. అక్కడినుంచి పళ్ళాయన చేతుల మీదికి వెళ్ళింది, ఒక్క క్షణమే. పళ్ళాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేనే మార్చానండీ," అన్నాడు బామ్మర్ది. "వంకరగా ఉందేమో అనిపించింది."

మాస్టారు నిట్టూర్చారు. భూతద్దం వదిలేశారు.

"మీ బావ దగ్గర నేర్చుకో బాబూ, కాదనను. మరీ ఇంత నేర్చుకోకు," అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పళ్ళాయన కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదు కాబట్టి. మాస్టారు ఏమీ ఎరగరు, మామూలుగా అన్న మాట. ఎరిగి తిట్టినా అంత లోతుగా దిగేది కాదు. తర్వాత ఆయన గుర్రపు దొరని రెండు చేతులతో ఎత్తి మధ్య అరలో పెట్టారు. చప్పట్లు పడ్డాయి. దేనికోసం వారమంతా కుమిలిపోయాడో అది దక్కింది. భార్య చప్పట్లు కొడుతూనే ఇంకా కిటికీ పక్క బల్ల వైపే చూస్తోంది, పోయినవాడు తిరిగొస్తాడేమో అన్నట్టు.

జనం టీ కోసం అటు తిరిగినప్పుడు బామ్మర్ది బొమ్మని గుడ్డలో చుట్టుకుని మెట్ల మీదికి వెళ్ళాడు. పళ్ళాయన వెనకే వెళ్ళాడు. ఏం చెప్పాలో అనుకోలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఒరేయ్, ఆ మెడ నేనే విరిచాను."

"తెలుసు బావా."

ఎలా అని అడిగాడు. బామ్మర్ది మెట్టు మీద కూర్చున్నాడు. కోపంగా లేడు, అదే భరించడం కష్టంగా ఉంది.

"మన క్లబ్బులో మెడ అంత తిన్నగా పెట్టేవాడు ఇంకెవడున్నాడు?" అన్నాడు. "ఆ రంగు కలపడం ఎవడికొచ్చు? పాడుచేసినా నువ్వు నాకన్నా బాగా చేస్తావు."

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. తల నీదని నాకు ముందే తెలుసు బావా, ఆ తీగ ముక్కలు అక్క ఇల్లు తుడిచినప్పుడల్లా చీపురుకి దొరుకుతాయి కదా అన్నాడు. డబ్బాలో ఆ ముఖం కనబడ్డ రోజునే ఈ బొమ్మ మొత్తం మనసులో పడిందట. మిగతా ఒళ్ళంతా ఆ తల కోసం వెతికి కూర్చిందేనట. ఇవాళ అందరి ముందూ ఆ తల చెక్కినవాడి పేరు చెప్పాలని, ఒక్కసారికి రూలు సడలించమని మాస్టారిని బతిమాలి ఒప్పించాడట. ఎవరి పేరో మాత్రం చెప్పలేదట, బావ ముఖం చూడాలని.

పళ్ళాయన గోడకి చేరబడ్డాడు. తన పేరు భార్య ముందూ మాస్టారి ముందూ ఇవాళ ఎలాగూ వినబడేది. తన చేత్తో తనే దాని మెడ విరిచాడు. ఏడుపొచ్చింది, మెట్ల మీద ఎవరైనా వస్తారని ఆపుకున్నాడు.

ఇప్పుడేం చెయ్యాలిరా అని అడిగాడు. మళ్ళీ కోసి, కొత్త తీగ వేసి, ఏ కోణంలో పెట్టాలో నువ్వు గీసి చూపిస్తే అని ఇంకా ఏదో చెబుతుండగానే బామ్మర్ది గుడ్డ విప్పాడు. బొమ్మని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చూపుడువేలు దాని కణత మీద పెట్టాడు. సెలూన్లో కుర్చీలో కూర్చున్నవాళ్ళ తలల్ని రోజంతా అలాగే తిప్పుతుంటాడు, ఒక్క వేలితో, కాస్త ఇటు చూడండి అంటూ. నొక్కాడు. పుట్టీ చిట్లింది, పళ్ళాయన అంత ముచ్చటగా వేసిన రంగు పెచ్చు లేచింది. లోపల తీగ ఒరిగింది. కుర్రాడికి మళ్ళీ ఎవరో పిలిచినట్టు వినబడింది.

ఇంతే. కొలత లేదు, గీత లేదు. ఇంత జరిగాక కూడా పళ్ళాయనకి ఆ వేలిని చూస్తే అసూయ వేసింది.

ఆయన బొమ్మని తీసుకుని పైకెళ్ళాడు. బీరువా తలుపు తీసి, తన దొరని దింపి పక్కన పెట్టి, పెచ్చు లేచిన మెడతో ఉన్న డోలు కుర్రాణ్ణి మధ్య అరలో నిలబెట్టాడు. టీ గ్లాసులతో అందరూ ఇటే చూస్తున్నారు.

"మాస్టారూ, ఈ తల చెక్కింది నేను. మొన్న విరిచిందీ నేనే, ఓర్వలేక," అన్నాడు. "దీని వంపు మాత్రం మా బామ్మర్దిది."

మాస్టారు వచ్చి, బీరువా తలుపు తనే మూశారు, లోపల ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి. భార్య దగ్గరికొచ్చి గాజులోంచి చూసింది. ఆ కనుబొమ్మ మీరు చేసిందేనా అని మెల్లిగా అడిగింది. అవునన్నాడు. బాగుంది అంది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట. తను చెడిపోయిందని పారేసినదానికి వచ్చింది.

దీనితో ఆయన అసూయ పోయిందా అంటే, పోలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి. మర్నాడు ల్యాబ్‌లో ఎవరూ చూడకుండా గుర్రపు దొరని బల్ల మీద పెట్టి, చూపుడువేలు వాడి కణత మీద ఆనించి, మెల్లిగా నొక్కాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. దొర కత్తి దూసి తిన్నగా ముందుకే చూస్తున్నాడు. మెడలో రెండు తీగలు వేసి బిగించింది తనేనని అప్పుడు గుర్తొచ్చింది.